గోడలు ముందు

మోత్కూరులో టైల్స్ మేస్త్రి ఎల్లస్వామికి ఒక మొండిపట్టు ఉంది. ముందు గోడలు, ఆ తర్వాతే నేల. గోడకు అడుగు వరస ఒక్కటి వదిలి పైవన్నీ అంటిస్తాడు, తర్వాత నేల పరుస్తాడు, చివరికి ఆ అడుగు వరస మూస్తాడు. పని తెలిసిన మేస్త్రీలందరూ చేసేది అదే. కానీ ఇంటివాళ్లు తొందరపెడితే మిగతావాళ్లు సర్దుకుంటారు. ఎల్లస్వామి మాత్రం సామాను సర్దుకుని ఇంటిదారి పడతాడు. పొగరని కొందరంటారు. పొగరూ కాదు, పాడూ కాదు. భయం.

తొమ్మిదేళ్ల కిందట ఆలేరులో ఒక కొత్త ఇంటి పని ఒప్పుకున్నాడు. భార్య జంగమ్మే అతనికి సిమెంటు మాలు కలిపేది, టైల్స్ అందించేది. ఒకరోజు ఇంటాయన వచ్చి, "గృహప్రవేశం దగ్గర పడ్డది మేస్త్రీ. స్నానాల గదిల కింద ముందు ఏసెయ్యి, గోడలు మెల్లగ చేస్కోవచ్చు" అన్నాడు. ఎల్లస్వామి తలూపాడు.

జంగమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఏందయ్యా, గోడలు ముందు గదా? కింద నున్నగైతది. పైకెల్లి సిమెంటు నీళ్లు కారితే కాలు ఆగుతదా?"

ఇంటాయన అక్కడే ఉన్నాడు. పెళ్లాం చేత పని చెప్పించుకోవడం ఎల్లస్వామికి నామోషీ అనిపించింది. "మేస్త్రివి నువ్వా, నేనా? నోరు మూస్కొని పని చెయ్యి" అని కసిరాడు.

మూడో రోజు అతను గోడ పనిలో ఉండగా, టైల్స్ పెట్టె ఎత్తుకుని లోపలికి వచ్చిన జంగమ్మ ఆ తడి నేల మీద జారి వెల్లకిలా పడింది. తల గడపకు కొట్టుకుంది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. పాపం, చూసి నడవలేదు అన్నారు అందరూ. ఎల్లస్వామి కూడా అదే అన్నాడు. అప్పటికి కూతురు రూపకు పదిహేనేళ్లు.

ఆనాటి నుంచి పట్టపగలు, నలుగురి మధ్య పని చేస్తున్నా వెనక నుంచి ఆ గొంతు వినిపిస్తుంది. "గోడలు ముందు గదా?" కోపంగా అడిగినా బాగుండేది, తట్టుకునేవాడు. మెల్లగా, అతని పరువు పోకుండా అడుగుతుంది. తిరిగి చూస్తే మాలు గంప ఒక్కటే ఉంటుంది.

ఈ మధ్య సొంత ఇంట్లో స్నానాల గదికి టైల్స్ తెచ్చాడు. కాన్పుకు వచ్చిన రూప ఇంట్లోనే ఉంది. పసిదాన్ని తొట్టెలలో వేసే వేడుక ఆదివారమే.

"బాపూ, కింద ముందు ఏసెయ్యి. చుట్టాలొస్తే కాళ్లు కడుక్కోను జాగా ఉండాలె."

"కాదు బిడ్డా."

"ఎందుకు గాదు? నువ్వు చెయ్యకుంటే చెప్పు, ఇంకో మేస్త్రిని పిలిపిస్త."

నిజం చెబితే ఎల్లస్వామికి మిగిలిన ఒక్క మనిషీ దూరమవుతుంది. చెప్పకపోతే రేపు ఆ నున్నటి నేల మీద పసిగుడ్డును ఎత్తుకుని నడిచేది రూపే. గోడకు ఆనుకుని కూలబడి, జంగమ్మ అడిగిందీ తాను కసిరిందీ అంతా చెప్పేశాడు. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

రూప ఒళ్లో పిల్లను సర్దుకుంది.

"ఇన్నేండ్లు అమ్మ మీదనే కోపం పెట్టుకున్న బాపూ" అంది. "జర చూసి నడిస్తే నాకు అమ్మ ఉండేది గదా అని. పెండ్లినాడు అందరు చెప్పినా గామె ఫొటోకు దండం పెట్టలే."