ఒక ఫైరింజను కోసం

పన్ను పేరెత్తితే జనం నోరు తెరిచేది దంతవైద్యుడి దగ్గరే. నా దగ్గర మూసేస్తారు. ప్రభుత్వం పన్నులు ఎలా వేస్తుందో, బడ్జెట్ ఎలా ఖర్చు పెడుతుందో చదివి, జనం తరఫున వాదించడం నా వృత్తి. మా బంధువుల్లో సగంమంది నేను దాడులు చేసే ఆఫీసర్నని ఇప్పటికీ నమ్ముతారు. మిగతా సగం నాకు ఉద్యోగమే లేదనుకుంటారు.

ఒక ఏడు చిలకలూరిపేట దాటాక హైవే పక్క, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులకు వెళ్లాను. పత్తి అంటుకుంటే ఫైరింజను ఎక్కడినుంచో రావాలి. దగ్గర్లో ఒకటి పెట్టించమని బడ్జెట్‌కు ముందు ప్రభుత్వాన్ని అడగాలి, అందుకు మిల్లులవాళ్ల మాట కావాలి. తెల్ల కారు, చేతిలో ఫైలు, ఇన్‌షర్టు. ఇంతకన్నా తెలివితక్కువ వేషం ఇంకొకటి ఉండదు.

"ఓనరుగారు తిరుపతి వెళ్లారండి," అన్నాడు మొదటి వాచ్‌మన్. రెండో ఓనరూ తిరుపతే. మూడో ఆయనా అంతే. ఆ రోజు కొండమీద రద్దీ తలుచుకుంటే భయమేసింది.

నాలుగో మిల్లు గేటు బార్లా తీసి ఉంది. గోడలన్నీ మసి. యజమానురాలు అరుగుమీద కూర్చుని ఉంది.

"రండి, రండి. పట్టుకెళ్లడానికి ఇక్కడ బూడిదే ఉంది," అంది.

సంగతి చెప్పాను. ఆవిడ లేచి పక్క మిల్లువైపు కేకేసింది. "అన్నయ్యా, బయటికి రా! ఈయన పన్నులాఫీసరు కాదంట! ఫైరింజను గురించంట!"

పది నిమిషాల్లో తిరుపతి యాత్రికులందరూ దిగారు. ఒక్కరి చేతిలోనూ లడ్డూ లేదు.

"బండి దగ్గర్లో ఉంటేనే మళ్లీ మిషను వేస్తానండి," అంది ఆవిడ. "లేకపోతే అమ్మకమే. మా ఆయన అప్పుడే కొనేవాళ్లెవరితోనో మాట్లాడేశాడు."

అధికారుల సమావేశానికి ఆవిణ్ణే తీసుకెళ్లాను. నా ఉపన్యాసానికి ఇద్దరు ఆవులించారు. ఆవిడ మాత్రం ఒక్క మాటే అంది: "మీ బండి వచ్చేసరికి మంట దానంతటదే ఆరిపోయిందండి, కాలడానికి ఏమీ మిగలక."

బడ్జెట్ రోజున పద్దుల పుస్తకాలన్నీ తిరగేస్తే, ఓ అనుబంధం చివర మా ఫైరింజను కనిపించింది. ఫోన్ చేసి చెప్పాను. "అయితే బండి రావడానికి ఇంకా కొంత సమయం..." అని వృత్తిధర్మంగా నసిగాను.

ఆవిడ వింటేగా! అప్పటికే లోపలికి అరుస్తోంది: "ఏవండీ, మన మిల్లు చూడ్డానికొస్తానన్నాయన్ని రావద్దనండి!"