సున్నా కింద ఉన్న బాపు

దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటుంది, కాళ్లు చాపుకున్నా ఎవరూ ఏమీ అనరు. మా బిడ్డ ఆరో తరగతి లెక్కల సంగతి చెబుతాను. నేను చదివింది అయిదు వరకే. ఆ పైన నాకు వచ్చిన లెక్కలు దాని పక్కన కూర్చుని విన్నవే.

మాది నస్పూర్. ఇంటాయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు, అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని. లోపల వాలుగా దిగుతూ పోతుంటే లెవెళ్లు వస్తాయి, ఎంత లోతుకు పోతే అంత పెద్ద నంబరు. అందుకే మా గల్లీ పిల్లలకు పెద్ద నంబరంటే గొప్ప. "మా బాపు ఇరవై ఒకటో లెవెల్ల చేస్తుండు" అని మా పిల్ల ఆటల మధ్యలో కూడా చెప్పుకునేది.

పెద్దబడిలో చేరిన ఆ వానాకాలంలోనే ఒక సాయంత్రం సంచి మూలకు విసిరేసి, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"రేపటి సంది బడికి పోనవ్వా."

"ఎందుకే? ఎవలన్న కొట్టిండ్రా?"

"కొట్టలే."

అడగ్గా అడగ్గా చెప్పింది. లెక్కల మేడం బోర్డు మీద నిలువుగీత గీసి, మధ్యలో సున్నా పెట్టి, అది నేల అనుకోమన్నదట. నేల మీదివి ప్లస్, నేల కిందివి మైనస్. మైనస్ ఏడు, మైనస్ ఇరవై ఒకటి, వీటిలో ఏది పెద్దదని అడిగితే మా పిల్ల అందరికంటే ముందు లేచి ఇరవై ఒకటి అన్నది. బాయి లెక్క అదే కదా మరి. కాదు, మైనస్ ఏడే పెద్దది, కిందికి పోయినకొద్దీ తక్కువవుతుందని మేడం దిద్దింది. అంతటితో అయిపోయేదే. వెనక బెంచీలో ఒక పిల్ల ఉంది, వాళ్ల నాన్నది బాయి పైన ఆఫీసులో పని. ఆ పిల్ల ముందుకు వంగి చెవిలో ఊదింది.

"మా బాపు ప్లస్. మీ బాపు సున్నా కన్న తక్కువనే."

"నిజమేనా అవ్వా?" అని మా పిల్ల నా మొహంలోకి చూసింది. "మేడమే బోర్డు మీద రాసింది."

"లెక్కలు మనుషుల గురించి కాదు బిడ్డా" అన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పడం నాకు రాలేదు. అది నమ్మలేదు.

మరునాడు బడికి పోనని మొరాయిస్తే నేనే చేయి పట్టుకుని తీసుకుపోయాను. మేడం వరండాలోనే ఎదురైంది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె నవ్వలేదు. పిల్లను గట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ బాపు ఇంటికి రావాల్నంటే ఎటు రావాలె?"

"పైకి."

"ఏడు కాడ ఒకరు, ఇరవై ఒకటి కాడ ఒకరు ఉన్నరనుకో. పైకి దగ్గరున్నది ఎవరు?"

"ఏడు కాడున్నోళ్లు."

"గీ గీత మీద పైకి ఉన్నదాన్ని పెద్దదంటం. గంతే. ఎవరు గొప్పనో గా గీతకు తెల్వది."

మా పిల్ల గోరు కొరుక్కుంటూ ఆలోచించింది. "మరి ఇరవై ఒకటి కాడున్నోళ్లు ఎక్కువ దూరం నడవాలె గద మేడం?"

"ఔ. నేల నుంచి ఎంత దూరమని అడిగితే ఇరవై ఒకటే పెద్దది. నువ్వు చెప్పింది గా లెక్క. నేనడిగింది వేరే. రెండూ నేర్చుకోవాలె."

పిల్ల గట్టు దిగి, నాకు చెప్పకుండానే క్లాసులోకి పోయింది. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోతే, మళ్లీ బయటికి వచ్చి అది తీసుకుపోయింది.

ఆ రోజు ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"బాపూ, నువ్వు తక్కువ కాదట. దూరం ఎక్కువట."

ఆయనకు ఇదేమీ తెలియదు. బూట్లు విప్పుతూ నా వైపు చూశాడు. "ఎవలన్నరే తక్కువని?"

"మా వెనక బెంచి పిల్ల. ఆఫీసాయన బిడ్డ."

"వాళ్ల బాపుతోని నేను రోజు చాయ్ తాగుత గదనే" అని నవ్వాడు. "దూరం సంగతి నిజమే. గందుకే ఆకలైతుంది, జర అన్నం పెట్టుండ్రి."

అన్నం తనే వడ్డించింది. ఆయన తింటుంటే పక్కన కూర్చుని నేల మీద సుద్దతో నిలువుగీత గీసి, "ఇయ్యాల ఏ లెవెల్ల ఉన్నవ్ బాపూ?" అని అడిగింది. ఆయన చెప్పిన చోట గుర్తు పెట్టి, పక్కన మైనస్ కూడా రాసింది.

ఇంతసేపు విన్నారు, ప్రభువు మీ ఇంటిని చల్లగా చూడాలి. మీ వాళ్లు ఏ పనికి పోయినా క్షేమంగా మీ గడప చేరాలి. మీ పిల్లలకు మనసులో గుచ్చుకున్నది మీ దగ్గర చెప్పుకునే చనువు ఉండాలి.