బూడిద రంగు చేను

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లెక్క సరిగ్గా చేస్తే లోకం దానంతటదే సర్దుకుంటుందని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, కర్నూలులో ఒక నేలల పరిశోధన ప్రాజెక్టులో చేరిన పిల్లకు వేరే నమ్మకాలు ఎక్కణ్ణించి వస్తాయి? ఓర్వకల్లు దగ్గర ఒక ఊళ్లో పొలం పొలం తిరిగి మట్టి కొలతలు తీశాం. ఎండకు మీటరు ఒకే గుంతలో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపించేది. ఆ గజిబిజి అంకెల్లో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని గుంపులుగా చేర్చి, ఎవరికీ అందకుండా విడిగా పడినవాటిని ‘రొద’ అని పక్కన పెట్టడం నా పని. రెండు అంకెల మధ్య ఎంత దూరం వరకు ‘దగ్గర’ అనాలో మాత్రం మనమే చెప్పాలి. (పుస్తకంలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.) మా గైడు సారు “డేటా మాట్లాడుతుందమ్మా, మనం వినాలి” అనేవారు. ఆయన వినడం నేనెప్పుడూ చూడలేదు.

ఫలితాలు చూపించడానికి ఊళ్లో షామియానా వేశారు. తెర మీద ఊరి పటం, దాని నిండా గుంపుకో రంగున పచ్చ చుక్కలు, ఎర్ర చుక్కలు, ఒక మూల కొన్ని బూడిద రంగువి. ముందు వరుసలో మాజీ సర్పంచి కూర్చున్నాడు. ఊరంతా పెద్దాయన అనేది ఆయన్నే. ఆయన కాదంటే చుట్టుపక్కల ఏ చేలోనూ మమ్మల్ని అడుగు పెట్టనివ్వరు, ప్రాజెక్టు మూతపడుతుంది, నా ఉద్యోగమూ పోతుంది.

“ఏమ్మా, నా చేను బూడిద రంగులో ఉండాదే, ఏం కత?” అన్నాడు.

అది ఏ గుంపులోనూ చేరదని, దాన్ని రొద అంటారని, లెక్కలోంచి తీసేస్తామని ఉత్సాహంగా వివరించాను. పచ్చ చుక్కల్లో పొలమున్న ఆయన దాయాది మీసాల చాటున నవ్వాడు. (ఇద్దరికీ పంచాయతీ ఎన్నికల నుంచి మాటల్లేవని నాకెవరూ చెప్పలేదు.)

“మా తాత కాలం నుంచి మేం ల్యాకుండా ఈ ఊళ్లో యా గుంపూ కట్టలేదు,” అన్నాడు పెద్దాయన నిదానంగా. “నన్ను గుంపులోకన్నా ఎక్కించు, లేకుంటే వాన్ని గూడా బూడిదలో కలుపు.”

సారు నా చెవిలో, ‘దగ్గర’ అనడానికి పెట్టిన ఆ దూరం కాస్త పెంచమన్నారు. పెంచాను. పెద్దాయన చేను బూడిద వదిలి పచ్చబడింది, అంటే సరిగ్గా పోయి దాయాది గుంపులో పడింది. వాని గుంపులో నేనా అంటూ ఆయన లేచాడు, వెనక ఆయన మనుషులు లేచారు. దాయాది మనుషులు ఊరకే ఉంటారా, వాళ్లూ లేచారు. సారు ఇంకా, ఇంకా అంటున్నారు. ఇంకా పెంచాను. ఊరు ఊరంతా ఒకే రంగైంది. సారు మైకు అందుకుని, ఈ ఊరి మట్టంతా ఒక్కటేనని సైన్సు తేల్చిందన్నారు. చప్పట్లు మోగాయి. భోజనాల్లో సారుకు ఓళిగలు మారు వడ్డించారు.

అసలు పెద్దాయనది సుద్ద నేల, దానికి వేయాల్సిన ఎరువు వేరు. బూడిద చుక్కలు మొత్తుకున్నది ఆ మాటే. ఊరంతటికీ ఒకే ఎరువు రాసిచ్చాం, ఆయన చెనిక్కాయ చేను పసుపుబారిపోయింది. తర్వాత కలిసినప్పుడు నాకు మజ్జిగ ఇప్పించి, విత్తనాలోళ్లు మోసం చేశారన్నాడు. “నేల మంచిదేమ్మా, అందరి మాదిరే. మీ సారే చెప్పినాడు కదా.” సారు ప్రాజెక్టును ఇంకా పొడిగించారు, దాంతోపాటు నన్నూ.

ఇప్పుడు కడపలో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక విద్యార్థిని, రొద చుక్కల్ని పారేయాలా మేడమ్ అని అడిగింది. ముందు అది ఎవరి చేనో కనుక్కోమన్నాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ పెద్దాయన ముఖం మీదే రొద అనేసిన ఆనాటి పిల్ల గుర్తొచ్చి, కాసేపు వచ్చి నా పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. తెలివి తక్కువదే గానీ, భయం తెలియని పిల్ల.