కొమురయ్య పేరు మీద రఫీక్ లోను

2020. గోదావరిఖని మార్కెట్ వెనుక సందులో, సైకిల్ షాపు మేడ మీద నా ఆఫీసు. చిన్న వ్యాపారుల లైసెన్సులు, పన్ను రిటర్నులు, బ్యాంకు లోన్ల కాగితాలు చూస్తుంటాను. లాక్‌డౌన్ కాస్త సడలించాక తలుపు తీస్తే మొదట వచ్చింది టెంట్ హౌస్ రఫీక్.

"మేడం, నా ట్రేడ్ లైసెన్సు రద్దు చేయించాలె. దుకాణం బంద్ చేస్తున్న."

ట్రేడ్ లైసెన్సు అంటే దుకాణం నడుపుకోవడానికి మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు అద్దెకిచ్చే రఫీక్‌కు ఎండాకాలం పెళ్ళిళ్ళే ఏడాది మొత్తానికి ఆధారం. ఆ ఏడు ఒక్క టెంటూ బయటికి వెళ్ళలేదు. పాత సామాను కొనేవాడు వచ్చి గంజులన్నిటికీ బేరం చేసి, మర్నాడు బండి తెస్తానని చెప్పి పోయాడట.

నాకు ఒళ్ళు మండింది. "తూకానికి అమ్ముకుంటావా? మళ్ళీ కొనగలవా అవి?" అన్నాను.

"సామాను ఫికర్ కాదు మేడం. లోన్ కిస్తు కట్టాలె."

ఇంతేనా అనుకున్నాను. అప్పటికే రెండు వెసులుబాట్లు వచ్చాయి. ఒకటి మారటోరియం. కొన్ని నెలలు కిస్తులు ఆపుకోవచ్చు. మాఫీ మాత్రం కాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. రెండోది ఎమర్జెన్సీ క్రెడిట్. ఇదివరకే వ్యాపార లోన్ ఉన్నవాళ్ళకు ప్రభుత్వ గ్యారంటీ మీద బ్యాంకు అదనంగా ఇచ్చే అప్పు. రెండూ హుషారుగా వివరించి, లోన్ కాగితాలు ఇమ్మని చెయ్యి చాపాను.

అతను తల దించుకున్నాడు. "లోన్ నా పేరు మీద లేదు మేడం. కొమురయ్య బావ పేరు మీదుంది."

ఇక్కడ ఇది మామూలే. గనిలో పనిచేసే మనిషి పే స్లిప్పు చూపిస్తే బ్యాంకు మారు మాట్లాడదు. దుకాణదారు పదిసార్లు తిరిగినా పని కాదు. అందుకని దోస్తు కార్మికుడు తన పేరు మీద పర్సనల్ లోన్ తీసి ఇస్తాడు, దుకాణదారు నెలనెలా కిస్తు అతని చేతికి ఇస్తాడు. మధ్యలో కాగితం ఉండదు. గని కార్మికుడైన కొమురయ్య, రఫీక్ పక్కపక్క క్వార్టర్లలో పెరిగి, బావా అంటే బావా అనుకునే మనుషులు.

అయితే కాగితం మీద అది వ్యాపార లోన్ కానే కాదు. ఎమర్జెన్సీ క్రెడిట్ దారి అక్కడే మూసుకుపోయింది. మారటోరియం పర్సనల్ లోన్లకూ ఉంది కానీ, అడగాల్సింది కొమురయ్య.

"ఆయన ఏమంటున్నాడు?"

"ఏమంటలేడు. నాకు నిద్ర పడ్తలేనిది అందుకే. వాళ్ళ బాయికి లే-ఆఫ్ ఇచ్చిన్రు, సగం జీతమే వస్తాంది. అండ్లకెళ్ళి కిస్తు కట్ అయితాంది. ఒక్క మాట అడుగుతలేడు."

బాయి అంటే బొగ్గు గని, లే-ఆఫ్ అంటే పని లేక కార్మికులను కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉంచడం. వెంటనే ఫోన్ చేసి కొమురయ్యను పిలిపించాను. సాయంత్రం వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. కిస్తు ఆపుకోవచ్చని బ్యాంకు మెసేజీ పంపలేదా అని అడిగాను.

"వచ్చింది మేడం. జీతం వచ్చేటోనికి ఇదేందని తీసేసిన."

"రఫీక్‌కు చెప్పలేదా?"

"చెప్తే కిస్తు అడుగుతున్న అనుకోడా?"

విషయం అర్థమయ్యాక కూడా సంతకానికి ఒప్పుకోలేదు. గొంతు తగ్గించి అసలు భయం చెప్పాడు. "ఇంటి రిపేరుకని చెప్పి తీసుకున్న. ఇప్పుడు ఆపమంటే ఎందుకని అడుగుతరు. దుకాణం సంగతి బయటపడి నౌకరి మీదికొస్తే ఎట్ల?"

"అలా చెప్పడం తప్పే. ఇప్పుడు ఇంకో అబద్ధం అవసరం లేదు. నీ జీతం సగమైంది, అది నిజం. అదే రాద్దాం" అన్నాను. ఆపితే వడ్డీ ఎంత పెరుగుతుందో లెక్క వేసి ఇద్దరికీ చూపించాను. పెరిగేదంతా తనదేనన్నాడు రఫీక్. కొమురయ్య ఇంకా తటపటాయిస్తుంటే నాకు ఓపిక పోయింది. రేపు గంజుల కోసం బండి వస్తుందని చెప్పేశాను.

కొమురయ్య రఫీక్ వైపు తిరిగాడు. "గంజులమ్మి నా కిస్తు కడ్తవా? తర్వాత ఏం తింటవు?" ఇక ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

బ్యాంకు కిస్తులు ఆపింది. బండి ఖాళీగా వెనక్కి పోయింది. లైసెన్సు రద్దు దరఖాస్తు నేను రాయనే లేదు. పెళ్ళిళ్ళు మెల్లగా మొదలయ్యాయి. కొద్దిమందికే అనుమతి కాబట్టి చాలా రోజులు చిన్న షామియానాలే పోయేవి. కష్టపడ్డాడు కానీ ఆ లోన్ తీర్చాడు. ఈలోపు అతని పేరు మీద ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారమని చూపే ప్రభుత్వ నమోదు, చేయించాను. కరెంట్ ఖాతా తెరిపించాను. కొత్త కుర్చీలు కావాల్సి వచ్చినప్పుడు చిన్న వ్యాపారులకు తాకట్టు లేకుండా ఇచ్చే ముద్రా లోన్‌కు అతని పేరు మీదే దరఖాస్తు పెట్టించాను.

ఆ రోజు కొమురయ్య కూడా వచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. రఫీక్ వైపు చూడకుండా నాతో అన్నాడు, "నా పే స్లిప్పు పనికిరాలేదా మేడం? నా మీద నమ్మకం పోయిందేమో అడుగుండ్రి."

రఫీక్ పెన్ను కింద పెట్టాడు. "నమ్మకం పోలే బావా. నీ జీతంల కట్ అయినన్ని రోజులు నీ ఇంటి ముంగట్నుంచి పోవాలంటే నా కాళ్ళు రాలే. చుట్టూ తిరిగి పోయిన. ఇంకోసారి గట్ల నడవలేను."

కొమురయ్య పెన్ను తీసి మళ్ళీ రఫీక్ చేతిలో పెట్టాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ రోజుల్లో ఉపశమన పథకాలను వరసగా అప్పజెప్పేదాన్ని. అవన్నీ కాగితం మీద ఉన్న పేరుకే వస్తాయని, కష్టం వేరే ఇంట్లో ఉండొచ్చని ఈ ఇద్దరి వల్లే తెలిసింది. ఇప్పుడు ఎవరు సలహాకు వచ్చినా లోన్ ఎవరి పేరు మీద ఉందని ముందు అడుగుతాను. ఇంకొకరిదైతే ఆ మనిషినీ తీసుకురమ్మంటాను. నా ముందు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాకే ఫైలు తెరుస్తాను.