పుస్తకం కుట్టేలోగా

ఆసుపత్రి గుమాస్తా ఫైల్లోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద ఇటు తిప్పి పెట్టాడు. మీటరాయన చేతిగుడ్డతో కన్ను ఒత్తుకుని వంగి చూశాడు. శుక్లం తీయించుకున్న కన్ను ఇంకా నీరు కారుతూనే ఉంది. ఫోటోలో మనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు. గడ్డం మాసింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఎడమ కనుబొమలో పొడుగ్గా పెరిగే ఆ నాలుగు తెల్ల వెంట్రుకలు మాత్రం ఎప్పటిలాగే నిక్కబొడుచుకుని ఉన్నాయి.

“మా బావే,” అన్నాడు మీటరాయన.

“పేరు చెప్పండి, రాసుకుంటాను.”

మీటరాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

గుమాస్తా కలం పైకెత్తి పట్టుకుని చూశాడు. “సొంత బావ పేరు తెలియదా? ఏ వరసన బావ? మీ చెల్లెల్నిచ్చారా, మేనత్త కొడుకా?”

“నాకు చెల్లెళ్ళు లేరు. మేనత్తా లేదు. పిలుపు బావ.”

“పిలుపు బావలకి మా దగ్గర గడి లేదండీ,” అని గుమాస్తా ఫైలు మూసేశాడు. ఎగతాళిగా అనలేదు. గడి లేదు, అంతే.

పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరూ పొద్దున్నే పార్కులో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పేపరు చెరిసగం చదివేవారు. పై కాగితాలు మీటరాయనవి, లోపలివి బావవి. చదవడం అయ్యాక మార్చుకునేవారు. వాదులాడుకునేవారు, తిట్టుకునేవారు, వాన వస్తే బావ గొడుగు కింద ఒదిగి కూర్చునేవారు. “ఏం బావా” అంటే “ఏం బావా” అనుకోవడమే తప్ప ఒకరి పేరు ఒకరు అడిగిన గుర్తు లేదు. మొదటి నెలలో అడగడం మరిచిపోయారు. రెండో ఏడు వచ్చేసరికి అడగడానికి సిగ్గేసింది. పదేళ్ళయ్యాక దాని అవసరమే కనపడలేదు.

కంటి ఆపరేషన్ ముందురోజు, రెండు వారాలు ఎండలోకి రాకూడదన్నారని చెబితే బావ నవ్వాడు. “వెళ్ళిరా. నీ సగం దాచిపెడతాలే.”

మూడో రోజున బావ బస్టాపు దగ్గర పడిపోయాడట. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. కాగితాలన్నీ పెట్టుకుని తిరిగే భుజం సంచి ఆ సందడిలో ఏమైందో ఎవరికీ తెలియదు. ఇంకో రెండు రోజులకు పోయాడు. వారం చూశారు, ఎవరూ రాలేదు. నగరపాలక సంస్థ వాళ్ళే అంత్యక్రియలు కానిచ్చారు. మీటరాయన బెంచీ దగ్గరికి వచ్చేసరికి అది జరిగి రెండు రోజులైంది.

బావ ఉండే గది ఒక దర్జీ కొట్టు పైన. దర్జీని అడిగితే, పైగది తాతగారు ఊరెళ్ళారేమో అనుకున్నానన్నాడు. గది తన తండ్రి హయాంలో ఇచ్చింది. అద్దె చేతికిచ్చేవాడు, కాగితం ముక్క లేదు. పేరడిగితే దర్జీ కూడా మీటరాయనలాగే నోరు తెరిచి మూశాడు. గదిలో ఒక మంచం, రెండు చొక్కాలు, గొడుగు. కుర్చీ మీద మూడు రోజుల పేపర్లు, పై కాగితాలు మాత్రమే, నీటుగా మడిచి ఉన్నాయి. అవి మీటరాయన సగాలు. వాటిని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఇప్పటికీ విప్పి చదవలేదు.

*

జనన మరణాల ఆఫీసులో గుమాస్తా ఒక నడివయసు ఆవిడ. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. అందరినీ బాబాయి గారూ, పిన్ని గారూ అని వరస కలిపి పిలుస్తుంది. వరస కలిపితే విసుక్కోవడం కష్టం కదా, అందుకట. రిజిస్టరు తిప్పి ఆ వరుస చూపించింది. ‘గుర్తు తెలియని పురుషుడు. సుమారు డెబ్బయి అయిదు.’

మీటరాయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఊరూ పేరూ లేనివాడని జనం తిట్టుకోవడం విన్నాడు గాని, ఒక మనిషిని అలా సిరాతో రాయడం చూడలేదు.

“నెలాఖరుకి ఈ పుస్తకం కుట్టేస్తారు బాబాయి గారూ,” అందామె. “కుట్టేదాకా దిద్దడానికి మా పెద్దాయన సంతకం చాలు. కుట్టాక కోర్టు కాగితం లేకుండా ఆ దారం విప్పరు. మీ వయసులో కోర్టు చుట్టూ తిరగడమంటే ఇక చూసుకోండి.”

నెలాఖరుకి పదకొండు రోజులుంది.

ఏం తేవాలని అడిగాడు. ఆయన పేరు ఏదో ఒక సర్కారు కాగితంలో ఉండాలంది. దరఖాస్తు ఇస్తే వెతికిస్తారు. దరఖాస్తు ఫారంలో మొదటి గడి: ఎవరి రికార్డు కావాలో వారి పూర్తి పేరు. పేరు తెలిస్తే పేరు దొరుకుతుంది. మీటరాయన నవ్వబోయాడు. ఆమె మాత్రం నవ్వకుండా కళ్ళద్దాలు పైకి తోసుకుని, పేరు లేకపోతే ఇంటి నంబరైనా ఉందా అని అడిగింది.

ఇంటి నంబరా? ముప్ఫై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకున్న మనిషి ఆయన. మనుషుల ముఖాలు మరిచిపోతాడు, పేర్లు చెవిలో నిలవవు; నంబర్లు మాత్రం పోవు. తమ్ముడి పెళ్ళిలో మరదలి తరఫువాళ్ళని ఒక్కరినీ గుర్తుపట్టలేదు గాని, వాళ్ళ వీధి పేరు వినగానే ఎన్ని కనెక్షన్లున్నాయో చెప్పాడు. మరదలు ఇప్పటికీ అది చెప్పి నవ్విస్తుంది. దర్జీ గదికి రాకముందు బావ ఉన్న ఇంటి నంబరు ఆయన అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ ఇల్లు పడగొట్టి చాలా కాలమైంది.

పాత ఓటర్ల జాబితా తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అది పెద్ద ఇల్లు, వాటాలు అనేకం. ఆ నంబరు కింద ఆ వయసుకి సరిపడే మగవాళ్ళు పదకొండుమంది.

“ఇందులో ఎవరో మీరే చెప్పాలి,” అంది గుమాస్తా. “ఊహించి మాత్రం చెప్పకండి. తప్పు పేరు రాస్తే ఇంకెవరినో బతికుండగా చంపినట్టు.”

పదకొండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని మర్నాడు పొద్దున్నే బెంచీ దగ్గరికి వెళ్ళాడు. తన వైపు తను కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, పక్క ఖాళీ వైపు తిరిగి, ఒక్కొక్క పేరే మెల్లగా పిలిచాడు. ఏదీ అతకలేదు. ఒకటి మరీ గంభీరంగా ఉంది, ఒకటి బడిపిల్లాడి పేరులా ఉంది. ఏడో పేరు దగ్గర నడకకి వచ్చినావిడ ఒకరు ఆగి, ఎవరినైనా వెతుకుతున్నారా అని అడిగింది. లేదన్నాడు. మిగతావి మనసులోనే చదువుకున్నాడు. ఇంత సన్నిహితుడికి పేరు అతికించి చూడటం, పరాయివాడి చొక్కా తొడిగి చూసినట్టుంది.

ఆ మధ్యాహ్నం మరదలు పళ్ళెం పెడుతూ అడిగింది. “అసలు మీరిద్దరూ మొదట ఎక్కడ కలిశారు బావగారూ?”

మరదలు ‘బావగారూ’ అన్నప్పుడల్లా ఈ మధ్య ఆయన ఉలిక్కిపడుతున్నాడు. ఆ పిలుపు ఇప్పుడు ఈ ఇంట్లోనే మిగిలింది. మొదటి కలయిక చెప్పసాగాడు. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు తిరుగుతోందని ఒకాయన తగువేసుకున్నాడు. గొట్టంలో గాలి వచ్చినా చక్రం తిరుగుతుందని తను చెబితే, మీరు గాలికి కూడా లెక్క కడతారా అన్నాడు. చూస్తే నిజంగానే మీటరు పాడైంది. తనే దగ్గరుండి మార్పించాడు. ఆయన కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, “ఈ గ్లాసు కూడా రాసుకుంటావా బావా?” అన్నాడు. అక్కణ్ణుంచే…

చెప్పడం ఆపేశాడు. చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది.

మీటరు మార్చినప్పుడు మీటరు పుస్తకంలో పాత నంబరూ కొత్త నంబరూ రాసి, ఇంట్లో ఉన్న మనిషి పేరు రాసి, సంతకం పెట్టించుకోవాలి. అది నియమం. తను ఒక్కసారి కూడా తప్పని నియమం.

*

మీటరు పుస్తకాలా, అలాంటివి మా జాబితాలోనే లేవే, అంది గుమాస్తా. ఉన్నాయి, ప్రతి ఏడాది చివర నేనే తెచ్చి కింది గదిలో పడేసేవాణ్ణి, అన్నాడు మీటరాయన. పదేళ్ళకి పారేయాలన్నది రూలు. అయితే పారేయడానికి కూడా ఒక పెద్ద సంతకం కావాలి. ఆ సంతకం పెట్టే తీరిక ఎవరికీ లేక అవి బతికిపోయాయని కింది గది అటెండరు చెప్పాడు. దరఖాస్తులో పేరు గడి వదిలేసి, వార్డు, తను తిరిగిన వీధుల నంబరు, సంవత్సరం రాసిచ్చాడు. అటెండరు రెండు రోజుల్లో రెండుసార్లు వేరే ఎవరివో కట్టలు తెచ్చాడు. మూడోసారి గుమాస్తా లేచి, “రండి బాబాయి గారూ, మీ సరుకు మీరే గుర్తుపట్టండి,” అని కిందికి తీసుకెళ్ళింది.

కింది గదిలో అరలు పైకప్పు దాకా ఉన్నాయి. ముప్ఫై మంది మీటరువాళ్ళ పుస్తకాలు, అన్నీ ఒకే మట్టిరంగు. అందుకే ఆ రోజుల్లో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకునేవారు. ఒకడు గళ్ళ గుడ్డ అంటించేవాడు, ఒకడు దారం ముడేసేవాడు. మీటరాయన పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి అట్ట వేసేవాడు. మసక తెలుపు అట్టలు నాలుగో అరలో, చెదలకి ఒక జానెడు పైన, వరసగా కనిపించాయి.

గుమాస్తా పుట తిప్పింది. మీటరాయన కన్ను ఒత్తుకున్నాడు.

తన చేతిరాత. కుదురుగా, కాస్త కుడివైపు వాలి. పాత మీటరు, కొత్త మీటరు. ‘హాజరున్న వ్యక్తి’ అన్న గడిలో ఒక పేరు, పక్కన వంకర సంతకం. పదకొండింటిలో తొమ్మిదోది. బెంచీ మీద పైకి పిలవకుండా వదిలేసిన నాలుగింటిలో ఒకటి.

అడగలేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. అడిగాడు. ఆయన చెప్పాడు. తను చెవితో విని, చేత్తో రాసి, పుస్తకం మూసి, తర్వాతి ఇంటికి వెళ్ళిపోయాడు.

అదే వరుస చివర, మీటరు మార్పించినవాడి గడిలో, తన పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా ఉంది. ఆ సంతకం పెడుతూ బావ దాన్ని చదివే ఉంటాడు.

“ఈ పుస్తకంలో పేరు, ఓటర్ల జాబితాలో అదే పేరు, ఫోటో గుర్తుపట్టిన మీ వాంగ్మూలం. ఇక చాలు,” అంది గుమాస్తా. ఇంకా రెండు రోజులుంది కుట్టడానికి. ఆ సాయంత్రమే పెద్దాయన సంతకమైంది. పాత మాటల మీద గీత కొట్టి పైన పేరు రాసింది. వివరమిచ్చినవాడే పైకి చదివి సరిచూడాలన్నది ఆ ఆఫీసు పద్ధతి. మీటరాయన లేచి నిలబడి చదివాడు.

“సంబంధం గడిలో ఏం రాయను?” అని అడిగింది. ఆయన ఆ గడి మీదికి వంగి చూశాడు. ఆమె ‘పరిచితుడు’ అని రాసి, ఇంతకన్నా మంచి మాట మా దగ్గర లేదు బాబాయి గారూ, అంది.

ఇంటికి వచ్చేసరికి మరదలు వాకిట్లో బట్టలు తీస్తోంది. దొరికిందా అని అడిగితే దొరికిందన్నాడు. ఏమిటని అడిగితే చెప్పాడు. నోటికి ఇంకా అలవాటు కాలేదు, మధ్యలో ఒకసారి తడబడ్డాడు.

“మంచి పేరే,” అందామె. బట్టలు చేతి మీద వేసుకుని లోపలికి వెళ్ళబోతూ ఆగింది. “మరి మీ పేరు ఆయనకి తెలుసా బావగారూ?”

మీటరాయన చెప్పులు విడుస్తూ, “ఒక రోజు తెలుసు,” అన్నాడు.