వరికి మూడేళ్ళ ఎడం

ఒకే ఒక్క అనువాదంతో నేను సాగర్ ఎడమ కాలువను మూయించినంత పని చేశాను. ఎట్లాగో వినండి.

మిర్యాలగూడకు కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో నేను బ్లాకు ఆఫీసులో గుమస్తాను. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ నుంచి ఒక దొర వస్తున్నాడన్నారు. పంట వేరు, ఆరోగ్యం వేరు, సంతానం వేరు అనుకోకుండా అన్నీ కలిపి ఒకే సభలో చెప్పడం వాళ్ళ విధానమట. ఆఫీసులో ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని తిరిగేది నేనే కాబట్టి దుబాసీ పని నాకు అంటగట్టారు. పేపరు చంక దిగి కళ్ళదాకా వచ్చేది తక్కువని వాళ్ళకేం తెలుసు.

సభ వీరయ్య సేటు రైసుమిల్లు ఆవరణలో. వరినాట్లలో మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉండాలన్నాడు దొర. చెప్పాను. రైతులు తలలూపారు. ఆ ఊపు చూసి నాకు మత్తెక్కింది. కొత్త దుబాసీ వాక్యమెరుగడు. దొర ప్రసంగం పొలం గట్టు దాటి ఇళ్ళలోకి ఎప్పుడు వెళ్ళిందో గమనించనే లేదు.

తూము ఎత్తినట్టు గొంతెత్తాను. "ఒకదానికి ఇంకోదానికి మూడేండ్ల ఎడముండాలె. రెండు మూడు పంటలైనంక సాగు బంద్ చెయ్యాలె."

బెల్టు తెగిన మిల్లులా సభ ఆగిపోయింది. ముందు వరుసలోంచి నర్సిరెడ్డి పటేలు మెల్లగా లేచాడు.

"నీళ్ళొచ్చి ఏడాది గాలే. గప్పుడే బంద్ చెయ్యాల్నా సారూ?"

"మరి నా మిల్లు మూడేండ్లకోపారి తిప్పాల్నా?" అన్నాడు వీరయ్య సేటు.

మూడేళ్ళు మరీ ఎక్కువంటున్నారని దొరకు చెప్పాను. ఆయన నవ్వి, "అలవాటైతే సుఖమే. మా ఇంట్లో మేమూ అంతే చేశాం" అన్నాడు. అదీ చెప్పాను.

"మరి నడుమ కాలం ఎట్ల గడుస్తదట?" అన్నాడు పటేలు.

దొరను అడిగాను. ఆయన ముఖం పండుమిరపకాయైంది. "దానికి కావలసినవి దవాఖానలో ఉచితంగా ఇస్తారు" అన్నాడు.

"దవాఖానల పుక్యానికి ఇస్తరట" అన్నాను.

"ఏంది, బియ్యమా?" అన్నాడు పటేలు.

అప్పటిదాకా దొర పక్క కుర్చీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతో ఊగిపోతున్న దవాఖాన డాక్టరమ్మ లేచి, దొర చెప్పింది పిల్లల సంగతని విడమరిచింది. ఏడుగురు పిల్లల తండ్రి నర్సిరెడ్డి హమ్మయ్యా అని కూలబడ్డాడు.

"పిల్లల ముచ్చటా? పానం పోయింది గదనే తల్లీ. గది బంద్ చెయ్యనీకి మేం తయారే. పొలం జోలికి రాకుంటె సాలు."

ఆ వెంటనే డాక్టరమ్మ చుట్టూ మూగారు రైతులు. అన్నీ కలిపి చెప్పే విధానం ఇంత బాగా పనిచేసింది ఎక్కడా చూడలేదని దొర నా భుజం తట్టి వెళ్ళాడు.

నేను మాత్రం ఆనాడే మిల్లులోని వడ్లరాశి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎన్ని దేశాలు కలిసి వచ్చి బతిమాలినా సరే, వరినీ మనిషినీ ఒకే నోటితో అనువదించను.