నంబరు లేని కాగితం

హైదరాబాద్ లాల్‌దర్వాజా సందులో, అద్దె మేడలో నడిచే డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఏటా వేసవిలో కాంట్రాక్టు పొడిగిస్తే ఉద్యోగం, లేకపోతే సొంతూరికి బెజవాడ బస్సు. ఆ ఏడు ప్రిన్సిపాల్ కొత్త పద్ధతి పెట్టారు. పిల్లలు పేరు లేకుండా అభిప్రాయం రాయాలి, దాన్ని బట్టే పొడిగింపు.

"పేరు రాయొద్దు" అని మూడుసార్లు చెప్పి కాగితాలు పంచాను. రాశాక పోగుచేసి, పరీక్ష పేపర్లలాగే దారంతో కట్టేముందు చూశాను. చూడకూడదు. చూశాను. ముప్పై మంది కుడి మూల రోల్ నంబరు వేశారు. వద్దన్నది పేరే కదా. చిన్నప్పటి నుంచి నంబరు వేయందే కలం కదపని పిల్లలు. అందరూ "సార్ మస్తు చెప్తరు" అనే రాశారు. నంబరు వేశాక ఇంకేం రాస్తారు, నా బొంద.

నంబరు లేనిది ఒక్కటే. "సార్ బోర్డుతోని మాట్లాడ్తరు. మాకు ఇనపడదు. ఎవరన్న అడిగితే కోప్పడ్తరు."

ఒళ్లు మండింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఆ మాట నిజమే. రెండేళ్లు రికార్డులు దిద్దినవాణ్ని, చేతిరాత గుర్తుపట్టలేనా? ఫలక్‌నుమా నుంచి ఆలస్యంగా వచ్చి చివరి బెంచీలో కూర్చునే అమ్మాయిది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కట్ట మాత్రం ప్రిన్సిపాల్‌కి ఇచ్చాను.

ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"ఏంది సార్, అందరు నంబర్లు ఏసిన్రు. గిట్లయితే ఇవి చెల్లయి. నంబర్ లేనిది ఒక్కటన్న ఉంటే దాన్ని చూసి మీ పొడిగింపు మీద సంతకం పెడ్త. లేకుంటే ఎట్ల పెట్టాలె?"

తేలు కుట్టిన దొంగలా ఆ కాగితం జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఎవరు రాసిన్రు?"

"తెలియదండీ."

"నిజమే రాసిన్రు. మీ లొల్లి నా రూముదాక ఇనపడ్తది, పాఠమే ఇనపడదు" అంటూ సంతకం పెట్టారు.

జూన్‌లో కాలేజీ తెరిచాక, బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకుని, రాయడం అయ్యాక వెనక్కి తిరిగి చెప్పాను. మూడో రోజు ఆ అమ్మాయి మొదటిసారి లేచి, బోర్డు మీది సమీకరణం చూపించింది.

"సార్, అది గట్లెందుకైతది?"

కోపం ముక్కు దాకా వచ్చింది. జవాబు నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఎవరు అడిగినా ఎందుకు కసిరేవాణ్నో అప్పుడర్థమైంది.

"రేపు చదువుకొచ్చి చెబుతానమ్మా" అన్నాను.